సహోదరుల బడిలో ఒక దినము

గంట మ్రోగును. పిల్లలు వరుసగా లోనికి వత్తురు. ఎవరి చోట వారు కూర్చుందురు. ఉపాధ్యాయుడు హాజరుపట్టీ తెరచి పేర్లు పిలుచును. ఒకే పాఠమును, ఒకే పుస్తకమునుండి, నలుబదిమంది ఒక్కసారిగా చదువుదురు. బడి యనగానే మన కన్నులకు గట్టు దృశ్యమిది. ఇది ఏనాటినుండియో యిట్లే యున్నదని మనము తలంతుము. కాని కూలివారి పిల్లలకు, చేతివృత్తులవారి పిల్లలకు ఇటువంటి తరగతి యొకటి యుండవలెనని ఎవరో తలచి, ఏండ్ల తరబడి ప్రయత్నించి, తప్పులు దిద్దుకొని, తుదకు దానిని కాగితముపై వ్రాసి పెట్టవలసివచ్చెను. అట్లు వ్రాసి పెట్టిన గ్రంథములలో మిక్కిలి వివరమైనది యొకటి ఫ్రాన్సు దేశమున పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున వెలువడినది. దానిని ఆధారముగా చేసికొని, ఒక కతోలిక బాలుర ప్రాథమిక పాఠశాలలో ఒక దినము ఎట్లు గడచెడిదో శ్రోతలకు మనవి చేయదలచితిమి.

ఆ గ్రంథమునకు "క్రైస్తవ పాఠశాలల నిర్వహణ" యని పేరు. 1706 నాటి వ్రాతప్రతి యొకటి ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయమున భద్రముగా నున్నది. అచ్చుప్రతి 1720 లో ఆవిన్యోన్ పట్టణమున వెలువడెను. దానిని కూర్చినవాడు జాన్ బాప్తిస్త్ ద లా సాల్. ఈయన 1651 లో రీమ్స్ పట్టణమున సంపన్న కుటుంబములో జన్మించెను. పదునైదేండ్ల ప్రాయముననే ఆ నగరపు ప్రధాన దేవాలయమున మంచి ఆదాయము గల కానన్ పదవి ఆయనకు లభించెను. 1678 లో గురుపట్టము స్వీకరించెను. అంతవరకు ఆయన జీవితమున చిన్నపిల్లల బడికి చోటు లేదు. 1679 లో ఆద్రియన్ నియెల్ అను గృహస్థు రువాన్ నగరమునుండి వచ్చి, పేద బాలురకు బడి పెట్టుటకు సహాయము కోరెను. లా సాల్ ఒప్పుకొనెను. బడి తెరచుట సులభమే. దానిని నిలుపుటయే కష్టమని త్వరలోనే తేలినది.

ఆ బడిలో చేరిన ఉపాధ్యాయులు పెద్ద చదువు చదివినవారు కారు, జీతము స్వల్పము, ఏ శిక్షణయు లేదు. లా సాల్ 1681 లో వారిని తన యింటికే తెచ్చి, తన పంక్తిలో కూర్చుండబెట్టుకొనెను. బంధువులు ఆక్షేపించిరి. మరుసటి యేడు ఆయన ఆ యిల్లు విడిచి, ఆ ఉపాధ్యాయులతో కలిసి అద్దె యింట చేరెను. ఆయన జీవితకథ వ్రాసినవారు ఒక సంగతి చెప్పుదురు. దేవునియందు నమ్మిక యుంచుడని ఆయన బోధింపగా, ఆ ఉపాధ్యాయులు తమ సందేహమును దాచుకొనలేదట: మీకు ఆస్తి యున్నది, పదవి యున్నది, కావున మీరు నిశ్చింతగా మాటాడగలరు, ఈ బడి మూతపడినచో మా గతి యేమని అడిగిరట. ఆ మాట ఆయనకు తగిలినది. 1683 లో పదవిని వదలుకొనెను. 1684-85 నాటి చలికాలమున కరవు వచ్చినపుడు తన ధనమును పేదలకు రొట్టె రూపమున పంచివేసెను. ఉపాధ్యాయులు తమను సహోదరులమని పిలుచుకొనసాగిరి. వారు గురువులు కారు, గురుపట్టమునకు పోరు, లాటిను బోధింపరు, బడియే వారి వృత్తి, బడియే వారి వ్రతము.

ఇక బడిలోనికి పోవుదము. ప్రొద్దున ఎనిమిది గంటలకు గంట కొట్టుదురు. ఆ గంట మ్రోగినంతనే పిల్లలు ఉన్నచోటనే మాట మానవలెను. ద్వారమున తీర్థజలము ముట్టుకొని సిలువ గుర్తు వేసికొని లోనికి వత్తురు. బల్లలన్నియు ఒకే ఎత్తున నుండవు. ఆరేండ్లవానికి ఒక కొలత, పన్నెండేండ్లవానికి ఒక కొలత. కాళ్ళు నేలకు ఆననిచో పిల్లవాని మనస్సు పాఠమునకు ఆనదని ఆ సహోదరులు గ్రహించిరి కాబోలు. ఎవడు ఏ పాఠమున నున్నాడో దానినిబట్టి వరుస. వరుసలో మరల విచారణ యున్నది. అల్లరివాడొకడున్నచో వానిని ఇద్దరు బుద్ధిమంతుల నడుమ కూర్చుండబెట్టుదురు. క్రొత్తగా వచ్చినవానిని బడి అలవాటైనవాని ప్రక్కన ఉంచుదురు. తలలో పేలు గల పిల్లలను పరిశుభ్రముగా నుండువారినుండి వేరుగా నుంచుదురు. ఇంత చిన్న సంగతినిగూడ గ్రంథమున వ్రాయవలెనా యని కొందరు నవ్వవచ్చును. తమ పిల్లవాడు బడికి పోయి పేలు తెచ్చుకొనెనని విసిగిన తల్లి నవ్వదు.

ప్రార్థన కాగానే చద్ది. పిల్లలు ఇండ్లనుండి రొట్టె తెచ్చుకొని తరగతిలోనే తిందురు. తినుచున్నంతసేపు ఎవడో యొకడు ప్రార్థనలు వల్లెవేయుచుండును, తక్కినవారు వినవలెను. అల్లరి లేక, నేలపై విసరక, మర్యాదగా తినుటయు ఒక పాఠమే. ఇందులో మాకు మిక్కిలి నచ్చినది ఒక బుట్ట. తరగతిలో ఒక బాలుడు ఆ బుట్టను పట్టుకొని తిరుగును. తమకు మిగిలిన రొట్టెను, లేక తమ భాగములో కొంతను, ఇష్టమైనవారు అందులో వేయుదురు. ఏమియు తెచ్చుకొనలేని బాలురకు ఉపాధ్యాయుడు దానిని పంచిపెట్టును. ఆకలిగొన్న పిల్లవాడు చదువలేడని ఈ కాలమున మనము బడులలో మధ్యాహ్న భోజనము పెట్టుచున్నాము. ఆ సహోదరుల వద్ద ప్రభుత్వ ధనము లేదు. ఒక బుట్ట మాత్రమున్నది. ఆ బుట్ట ఆకలిని పూర్తిగా తీర్చినదని చెప్పజాలము. ఆకలిని తరగతిలో దాచిపెట్టవలసిన సిగ్గుగా మాత్రము ఉంచలేదు.

తరువాత పాఠము. ఇచట నేటివారికి ఆశ్చర్యము గొలుపు సంగతి నిశ్శబ్దము. ఉపాధ్యాయుడు అరవడు, పెక్కు పర్యాయములు మాటయే ఆడడు. అతని చేతిలో చిన్న పనిముట్టు ఒకటి యుండును. దానిని నొక్కినచో టక్కుమని చప్పుడగును. చదువుచున్నవాడు ఒక అక్షరమునో, మాటనో తప్పు పలికినచో ఆ చప్పుడు త్వరత్వరగా రెండు మారులు వినబడును. వాడు వెనుకకు పోయి దిద్దుకొనవలెను. తనంత తాను దిద్దుకొనలేనిచో మరియొకనిచే చెప్పింతురు. ఎవ్వరును చెప్పలేనపుడే ఉపాధ్యాయుడు నోరు తెరచును. ధర్మోపదేశము ఆరంభమగునని తెలుపుటకు సిలువ గుర్తు చూపును. ఇట్లు ఒక్కొక్క పనికి ఒక్కొక్క గుర్తు.

ఇంత మౌనము దేనికి? కారణము రెండు విధములు. ఒకే గదిలో పలు పాఠములవారు కూర్చున్నపుడు ఉపాధ్యాయుని అరపు ఒకరికి పాఠమైనచో పదిమందికి రొద. అది యొకటి. దినమంతయు అరచు ఉపాధ్యాయుడు నాలుగేండ్లలో గొంతును, ఓర్పును పోగొట్టుకొనును. అది రెండవది. తరగతి గదిలో పనిచేసినవారెవరైనను ఈ రెండవ కారణమును తేలికగా త్రోసివేయరు.

అంతకు పూర్వము చిన్న బడులలో ఉపాధ్యాయుడు ఒక్కొక్క పిల్లవానిని తన బల్లవద్దకు పిలిచి, వానికి మాత్రము నాలుగు అక్షరములు చెప్పి పంపెడివాడు. తక్కినవారు ఆ సేపంతయు వూరక కూర్చుండుటయో, అల్లరి చేయుటయో జరిగెడిది. సహోదరుల తరగతిలో ఒకే పాఠమున నున్న వారందరికి ఒకే పుస్తకము. ఒకడు బిగ్గరగా చదువును. తక్కినవారు తమ పుస్తకములలో మాట వెంట మాటగా అనుసరింతురు. ఉపాధ్యాయుడు ఏ క్షణముననైనను ఎవనినైనను చూపవచ్చును. వాడు అచటినుండి అందుకొనవలెను. అందువలన ఒకని వంతు అందరి వంతు అగుచుండెను. ఈ పద్ధతిని వీరే మొట్టమొదట కనిపెట్టిరని మేము చెప్పుటలేదు. దానిని నియమముగా నిలిపి, బడి తరువాత బడిలో నడిపి చూపినవారు వీరు.

చదువు తొమ్మిది మెట్లుగా నుండెను. మొదట గోడకు వ్రేలాడు అక్షరముల పటము. పిదప గుణింతపు పటము. పిదప చిన్న పుస్తకము. ఇట్లు క్రమముగా పైకి. మెట్టు ఎక్కించుటకు వయస్సు ప్రమాణము కాదు. తండ్రి హోదాయు కాదు. పరీక్షలో నిలిచినవాడే ఎక్కును.

ఈ మెట్లలో ఒక విశేషము గలదు. ఆ కాలమున ఐరోపా కతోలిక దేశములలో చదువు నేర్పుటకు మొదట లాటిను పుస్తకమునే పిల్లవాని చేతికిచ్చుట వాడుక. పూజ లాటినులో, ప్రార్థనలు లాటినులో. కావున చదువును లాటినులో. పిల్లవాడు ఇంట ఫ్రెంచి మాటాడును. బడిలో తనకు ఒక్క ముక్కయు తెలియని భాషలో అక్షరములు కూడబలుకును. లా సాల్ దీనిని త్రిప్పివేసెను. ఆయన బడులలో మొదట ఫ్రెంచి. అది చక్కగా వచ్చిన పిదపనే, ఏడవ మెట్టున, లాటిను కీర్తనల గ్రంథము. షార్త్ర్ పట్టణపు పీఠాధిపతి ఇందునకు సమ్మతింపక, మొదట లాటినే నేర్పుడని కోరగా లా సాల్ తన కారణములను వ్రాసి పంపెను. వాని సారమిది: తెలిసిన భాషలో చదువు త్వరగా వచ్చును, ఫ్రెంచి చదువగలవాడు లాటినును సులభముగా చదువగలడు, ఈ పిల్లలు పెద్దవారై చేతిపనులు చేసికొని బ్రతుకువారు, వారికి లాటినుతో పని తక్కువ. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. పేద పిల్లవాడు బడిలో ఎక్కువకాలము ఉండడు. లాటిను సగము నేర్చి మానుకొన్నవానికి లాటినును రాదు, ఫ్రెంచియు రాదు.

ఈ వాదము మన తెలుగు శ్రోతలకు క్రొత్తది కాదు. అర్థము కాని మాటలను కంఠస్థము చేయుట మనము ఎరుగని బాధయు కాదు. రెండవ వాటికన్ మహాసభ 1963 లో పూజలో ప్రజల భాషలకు అనుమతి నొసగువరకు మన తెలుగు విచారణలలోను దివ్యబలిపూజ లాటినులోనే జరిగెడిది. గురువునకు సహాయము చేయు బాలురు ఆ జవాబులను అర్థము తెలియకయే అప్పగించెడివారు. ప్రార్థనలో అది భక్తిగా చెల్లవచ్చును. చదువులో చెల్లదని లా సాల్ అంతకు రెండున్నర శతాబ్దములకు ముందే గ్రహించెను. బిడ్డ ఎంతకాలము బడిలో నుండగలడో లెక్క వేసికొని, ఆ కొద్దికాలములో వానికి చేజిక్కవలసినది ఏదియో దానిని ముందుపెట్టెను.

తొమ్మిదవ మెట్టున నున్నది అచ్చు పుస్తకము కాదు, చేతివ్రాత కాగితములు. ఉత్తరములు, రశీదులు, అప్పుపత్రములు, కౌలుపత్రములు, పనివారి ఒడంబడికలు, వకాల్తాలు, న్యాయస్థానపు నోటీసులు. వీనిని చదివించి, వీనికి నకళ్ళు వ్రాయించెడివారు. మా అభిప్రాయమున ఆ బడి యొక్క హృదయము ఇచటనే యున్నది. చెప్పులు కుట్టువాని కొడుకు రేపు అప్పు తీసికొనును. పత్రముపై ఏమి వ్రాసియున్నదో చదువనేరనిచో ఇతరులు చెప్పినదే వానికి ప్రమాణము. మన పల్లెలలో వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకొన్న కుటుంబముల కథలు ఎన్ని లేవు! ఆ తొమ్మిదవ మెట్టు ఎక్కిన బాలుడు అట్లు మోసపోవుట అంత సులభము కాదు.

వ్రాత నేర్పుట మరియొక శ్రమ. ఆనాడు వ్రాయుటకు బాతు ఈకల కలములు. క్రొత్తవాడు కలము పట్టుకొను తీరు కుదురుటకై వానికి ముందుగా కలమంత లావు గల చిన్న పుల్లను ఇచ్చుచుండిరి. దానిపై కుడివైపున రెండు, ఎడమవైపున ఒకటి, మూడు గంట్లు ఉండును. మూడు వ్రేళ్ళు ఆ మూడు గంట్లలో నిలువవలెను. వ్రేళ్ళు కుదిరిన పిదపనే సిరా.

లెక్కలు వారమున కొన్ని దినములే. కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము, త్రైరాశికము వరుసగా నేర్పుదురు. ఫ్రాన్సున ఒక లీవరుకు ఇరువది సూలు, ఒక సూకు పన్నెండు దెనియేలు. దశాంశ పద్ధతి లేని నాణెములతో కూడిక, తీసివేత ఎంత చిక్కో, 1957 ఏప్రిలుకు ముందు మన దేశమున రూపాయకు పదునారణాలు, అణాకు పన్నెండు పైలుగా లెక్కలు చేసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అంగడిలో పనికిరాని లెక్కను ఆ బడిలో చెప్పరు.

ప్రొద్దుటి పాఠములు ముగిసిన పిదప పిల్లలను వరుసగా గుడికి, పూజకు తీసికొనిపోవుదురు. మధ్యాహ్నము ఒంటిగంటన్నరకు మరల బడి. సాయంకాలము అరగంటసేపు ధర్మోపదేశము. ఆ సమయమున మాత్రము ఉపాధ్యాయుడు ప్రశ్నలు వేయుచు, వివరించుచు మాటాడును. ప్రార్థనతో దినము ముగియును. పిల్లలు ఇద్దరిద్దరుగా బయలుదేరుదురు. వారు సద్దు లేక వీధిలో పోవుట ఉపాధ్యాయుడు చూచుచుండును.

బడియన్నపుడు శిక్ష మాట రాకమానదు. ఆ కాలపు బడులలో కొట్టుట సామాన్యము. లా సాల్ బడిలోను తోలుపట్టీ, బెత్తము ఉండెను; దానిని దాచిపుచ్చుట ధర్మము కాదు. కాని గ్రంథమున శిక్షనుగూర్చిన భాగము మిక్కిలి దీర్ఘమైనది. అందులో పెక్కు మాటలు ఉపాధ్యాయుని చేతిని ఆపుటకు వ్రాసినవే. చెంపపై కొట్టరాదు. తన్నరాదు. జుట్టు, చెవులు, ముక్కు పట్టి లాగరాదు. పిల్లవానిపై ఏ వస్తువును విసరరాదు. తిట్టుపేరు పెట్టి పిలువరాదు. కోపముతో నున్నపుడు శిక్షింపరాదు. తోలుపట్టీతో అరచేతిపై ఒక దెబ్బ, మించినచో రెండు. వ్రాత నేర్చువానికి ఎడమ అరచేతిపైనే, కుడిచేయి మొద్దుబారి కలము పట్టుకొనలేకపోవునని. ఈ కాలమున మనము ఆ ఒక్క దెబ్బయు కూడదందుము. మన దేశమున 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో శరీరదండనను నిషేధించినది. ఐనను ఆ నియమములను చదువునపుడు మాకు తోచునది యిది: శిక్షను తగ్గించుటకు మొదటి మెట్టు దానిని లెక్కలోనికి తెచ్చుట. ఎవ్వరును అడుగని చోటనే చేయి విచ్చలవిడిగా లేచును.

తరగతిలో పనులు పిల్లలకు పంచియుండును. ప్రార్థన చెప్పించువాడొకడు, గంట కొట్టువాడొకడు, జపమాలలు దాచువాడొకడు, పుస్తకములు, కాగితములు పంచి మరల కూర్చువాడొకడు, ఊడ్చువాడొకడు, వాకిలి కాయువాడొకడు, తాళపుచెవి దాచువాడొకడు. దీనిని మన చెన్నపట్టణమునకు సంబంధించిన మరియొక పద్ధతితో పోల్చి చూడవచ్చును. 1789 మొదలు 1796 వరకు ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయమున ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు మతాధికారి, మన వీధిబడి పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచి, పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పించు పద్ధతిని ఏర్పరచి, ఇంగ్లండునకు గొనిపోయెను. అందు పిల్లలే ఉపాధ్యాయులు. సహోదరుల బడిలో పిల్లలకు బడి పనులు అప్పగింతురు గాని, చదువు చెప్పు భారము ఉపాధ్యాయునిదే.

ఆ పనులలో ఒకటి మిగిలినది. దానికొరకే ఇంతదూరము వచ్చితిమి. ప్రతి తరగతిలోను ఇద్దరు ముగ్గురు బాలురకు రానివారిని చూచివచ్చు పని యుండెను. ఒక్కొక్కనికి కొన్ని వీధులు. ఆ వీధులలోని పిల్లలలో ఎవడైనను ఆ దినము బడికి రానిచో, వీడు వాని యింటికి పోయి, కారణము కనుగొని, వచ్చి చెప్పవలెను. జబ్బుపడియున్నచో పరామర్శించి రావలెను. ఖాళీగా నున్న చోటు ఒక్క దినమైనను ప్రశ్న లేక మిగులరాదు.

పిల్లవాని పేరు చేర్చుకొనునపుడే తండ్రి పేరు, అతని వృత్తి, కాపురముండు వీధి, పిల్లవాని వయస్సు, వానిని ఏ పనిలో పెట్టదలచినారో అడిగి వ్రాసికొనెడివారు. సంవత్సరాంతమున ఉపాధ్యాయుడు ఒక్కొక్క బాలునిగూర్చి కొన్ని పంక్తులు వ్రాయవలెను: వాని స్వభావమెట్టిది, బడికి తప్పక వచ్చునా, ఇంట గారాబము చేయుదురా, మెత్తని మాటకు లొంగునా. మరుసటి తరగతి ఉపాధ్యాయునకు అది దారి చూపును. మార్కుల అంకెలు చెప్పలేని సంగతులు ఆ పంక్తులలో నుండును.

బడి మానుటకు కారణములను ఆ గ్రంథము విడివిడిగా విచారించినది. కొన్ని పిల్లవానివి: నిలుకడలేమి, ఆటలపై మనస్సు. కొన్ని తల్లిదండ్రులవి: అశ్రద్ధ, లేమి, పిల్లవాని సంపాదన కావలసివచ్చుట. ఇంతవరకు ఎవరైనను చెప్పుదురు. కాని అచటితో ఆగలేదు. ఉపాధ్యాయునివియు కొన్ని గలవని వ్రాసెను. పిల్లవానికి ఉపాధ్యాయునిపై ప్రేమ లేకపోయినను, వానిని ప్రోత్సహించు నేర్పు ఉపాధ్యాయునకు లేకపోయినను, ఊరక మందలించుటయే నేర్చియున్నను, పిల్లవాడు మానును. రానివాని తప్పును రప్పింపలేనివాని తప్పుతో కలిపి లెక్కించిన గ్రంథములు ఆ కాలమున అరుదు.

పేద తండ్రికి చెప్పవలసిన మాటయు ఆ గ్రంథమున గలదు. పిల్లవానిని ఇప్పుడే పనిలో పెట్టినచో నాలుగు రాళ్ళు వచ్చును, నిజమే; కాని చదువను వ్రాయను వచ్చినవాడు, తెలివి కొంచెమే యైనను, ఏ పనికైనను పనికివచ్చును; రానివాడు ఏ పనిలోను పైకి రాలేడు. ఈ మాటను బోధగా చెప్పక, ఇంటి లెక్కగా చెప్పుమనుటలో వివేకమున్నది. ఆకలిగొన్న యింట లెక్కయే చెవికెక్కును.

ఇట్టి బడికి శత్రువులును లేకపోలేదు. బడి ఉచితము, ఎవరివద్దను రుసుము పుచ్చుకొనరాదు. చదువు బాగుగా నున్నదని రుసుము చెల్లింపగలవారును తమ పిల్లలను పంపిరి. పేదవాని కొడుకు, వర్తకుని కొడుకు ఒకే బల్లపై కూర్చుండిరి. అంతట పారిస్ నగరమున వ్రాతనేర్పు ఉపాధ్యాయుల సంఘము తమ జీవనము పోవుచున్నదని వ్యాజ్యము వేసెను. 1704 నుండి 1706 వరకు తీర్పులు లా సాల్‌కు ప్రతికూలముగా వచ్చినవి. వారి భయము బొత్తిగా అన్యాయమైనదని మేము అనము. వారును పొట్టకొరకే పాటుపడినారు. కాని పేదలకు పేదబడి, కలవారికి మంచిబడి యను విభజన నాటి చట్టమునకు ఎంత సహజముగా తోచినదో ఆ వ్యాజ్యము వెల్లడి చేయుచున్నది. నేటికిని అది మనలో పలువురకు సహజముగానే తోచుచున్నది.

లా సాల్ 1719 ఏప్రిల్ 7 న, శుభశుక్రవారమున, రువాన్ నగరమున మరణించెను. 1900 లో ఆయనను పునీతునిగా ప్రకటించిరి. 1950 లో పన్నెండవ పయస్ పోపు ఉపాధ్యాయులకు పాలకపునీతునిగా నియమించెను.

ఆ బడిని ఉన్నదున్నట్లు నేడు తెచ్చి నిలుపవలెనని మేము చెప్పరాలేదు. అది బాలురకు మాత్రమే. వారి అక్కచెల్లెండ్రకు అందు చోటు లేదు. ఆ మౌనము ప్రశ్న అడుగు పిల్లవానిని అణచివేసి యుండవచ్చును. ఆడుట యందు పిల్లలకు గల హక్కును ఆ దినచర్య అంతగా తలంపలేదు. అది ఒక మతమునకు చెందిన బడి. పలు మతములవారు కలిసి కూర్చుండు మన తరగతికి దాని పద్ధతి యావత్తు సరిపడదు. ఇవి గాక మిగులునది ఒకటి యున్నది. ఎన్ని వరుసలు, ఎన్ని గంటలు, ఎన్ని గుర్తులు ఏర్పరచినను, ఆ సహోదరులు దినము చివర లెక్క చూచుకొనినది వచ్చినవారిని మాత్రమే కాదు.

మన బడులలోను హాజరుపట్టీ గలదు. అందు వచ్చినవానికి ఒక గుర్తు, రానివానికి ఒక గుర్తు పెట్టుదుము. పత్తి ఏరు దినములలో, మిరపకోతల దినములలో, తండ్రి వలసపోయిన దినములలో ఆ రెండవ గుర్తులు వరుసగా పెరుగును. నెలాఖరున కూడి మొత్తము వేసి పై అధికారులకు పంపుదుము. ఆ గుర్తుకు వెనుక ఒక వీధి, ఒక యిల్లు, ఒక కారణము ఉండును. దానిని కనుగొనుటకు ధనము అక్కరలేదు, క్రొత్త భవనము అక్కరలేదు. సాయంకాలము ఆ యింటి దారిన పోవు తోటి పిల్లవాడొకడు చాలును. వానిని పంపుట, వాడు తెచ్చిన జవాబును వినుట, ఆ జవాబునకు తగినట్లు మరునాడు బడి తన పనిని కొంచెము మార్చుకొనుట, ఈ మూడును ఉపాధ్యాయుని చేతిలోనివే. తల్లిదండ్రులును, పొరుగువారును తోడ్పడినచో అది మరింత సులభమగును.